తిరిగివచ్చిన కథ: ఐజాక్ అసిమోవ్ తొలి ప్రయత్నములు

కథ వ్రాయుట యొక పని. వ్రాసిన కథను అచ్చున కెక్కించుట మఱియొక పని. మొదటి పనికి కాగితము, కలము, కొంత ఏకాంతము చాలును. రెండవ పనికి మన మెఱుగని యొక మనుష్యుడు కావలెను. ఆయన మన ముఖము చూడక, మన వంశము విచారింపక, మన వాక్యములను మాత్రమే చూచి, ఇది పదిమంది చదువదగినదని యొప్పుకొనవలెను. ఈ రెండు పనుల నడుమ నున్న దూరమెంతయో విద్యార్థులు తఱచుగా గుర్తింపరు. పుస్తకపు అట్టపై రచయిత పేరు చూచినప్పుడు, ఆ పేరు మొదటినుండియు అక్కడనే యున్నట్లు తోచును. ఆ పేరు అక్కడికి చేరుటకు ముందు ఎన్ని మాఱులు తిరిగివచ్చెనో అట్ట చెప్పదు.

అందుచేత ఈ పాఠమున, విజ్ఞాన కల్పనా కథలు వ్రాసి లోకప్రసిద్ధుడైన ఐజాక్ అసిమోవ్ తొలిదినములను వరుసగా చెప్పదలచితిమి. ఆయననే ఎన్నుకొనుటకు రెండు కారణములు కలవు. ఆయన 1938 జనవరి 1వ తేదీనుండి దినచర్య వ్రాసికొనెను; కనుక ఏ కథ ఏ దినమున పంపెనో, ఏ దినమున తిరిగివచ్చెనో మనకు స్పష్టముగా తెలియుచున్నది. ఇది మొదటి కారణము. ఆయన ఇంటి భాష ఒకటి, ఊరి భాష మఱియొకటి. ఇది రెండవది. ఈ రెండవ కారణము మన బడి పిల్లలకు వేఱుగా వివరింప నక్కఱలేదు.

ఇల్లు, భాష, అంగడి

అసిమోవ్ 1920లో రష్యాలోని పెట్రోవిచి యను చిన్న యూరిలో యూదు కుటుంబమున జన్మించెను. 1923లో తల్లిదండ్రులు అతనిని తీసికొని అమెరికాకు వలస వచ్చి, న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ భాగమున స్థిరపడిరి. ఇంటిలో మాటలాడునది యిద్దిష్ భాష. తల్లిదండ్రులకు రష్యను భాష వచ్చినను పిల్లవానికి దానిని నేర్పలేదు. వీధిలోని ఆంగ్ల నామఫలకములను చూచి, తోటి పిల్లల నడిగి, బడికి పోకముందే అతడు చదువ నేర్చెను.

1926లో తండ్రి యొక మిఠాయి దుకాణము కొనెను. ఆ కాలమున ఆ దేశపు మిఠాయి దుకాణమున వార్తాపత్రికలు, కథల పత్రికలు, పొగచుట్టలు కూడ అమ్మెడివారు. దుకాణము ఉదయము ఆఱు గంటలకు తెఱచి, అర్ధరాత్రి దాటినపిమ్మట మూసెడివారు. పిల్లవాడు బడినుండి రాగానే అంగడిలో నిలువవలెను. ఆ అంగడిలోనే అతని భాగ్యము పత్రికల రూపమున వ్రేలాడుచుండెను.

ఆ కాలమున అమెరికాలో చౌక కాగితముపై అచ్చువేసిన కథాపత్రికలు విరివిగా వెలువడెడివి. కఱ్ఱగుజ్జుతో చేసిన ముతక కాగితము వాడుటచేత వానికి పల్ప్ పత్రికలని పేరు వచ్చెను. అపరాధ పరిశోధన కొక పత్రిక, సాహసయాత్రల కొకటి, విజ్ఞాన కల్పన కొకటి, ఇట్లు వేఱువేఱుగ నుండెడివి. తండ్రి వీనిని అమ్ముచుండెను గాని, కుమారుని చదువనీయలేదు. అవి సమయమును, బుద్ధిని చెఱచునని ఆయన నమ్మకము. 1929లో ‘సైన్స్ వండర్ స్టోరీస్’ అను పత్రిక అంగడికి వచ్చెను. తొమ్మిదేండ్ల కుమారుడు దానిని తండ్రికి చూపి, పేరులోనే శాస్త్రమున్నదని వాదించెను. ఆంగ్లము అంతగా రాని తండ్రి ఆ మాటకు మెత్తబడి అనుమతించెను. అమ్మకపు సరుకు నలుగకుండ పత్రికను జాగ్రత్తగా చదివి మఱల అల్మారులో పెట్టుట ఆ బాలునకు అలవాటయ్యెను.

నోటుపుస్తకములో పుట్టిన కథ

పదునొకండవ యేట అతడు నోటుపుస్తకములో నొక నవల మొదలుపెట్టెను. కళాశాలలో చదువు బాలుర సాహసములు దానికి విషయము. ఎనిమిది ప్రకరణములు వ్రాసి నిలిపివేసెను. అతడు నగరము దాటి యెఱుగడు, కళాశాల చూచి యెఱుగడు. ఎఱుగనిదానిని ఎంతకాలము వ్రాయగలడు? అయినను అంతలో నొక మేలు జరిగెను. తాను వ్రాసినంతవఱకు కథను అతడు బడిలో నొక స్నేహితునకు వినిపించెను. ఆ బాలుడు శ్రద్ధగా విని, చదువుట యైన తరువాత ఆ పుస్తకము తనకు ఎరువిమ్మని యడిగెను. అచ్చైన పుస్తకము చదివి చెప్పుచున్నాడని అతడు తలచెను! తన కథ పుస్తకమువలె వినబడినదని తెలిసిన ఆ మధ్యాహ్నమే అసిమోవ్ తన్ను తాను రచయితగా మొదటిసారి భావించుకొనెను.

1934లో, ఉన్నత పాఠశాలలో రచనాభ్యాస తరగతి యొకటి జరిగెను. అసిమోవ్ అలంకారములతో నిండిన యొక వర్ణనను వ్రాసికొనిపోయి చదువగా, ఉపాధ్యాయుడు కొన్ని వాక్యములకే ఆపి, కఠినముగ నిందించెను. తోటివారు నవ్విరి. తరువాత పాఠశాల పత్రికకు రచనలు కోరినప్పుడు అతడు తన తమ్ముని పుట్టుకను గూర్చి హాస్యముగా నొక చిన్న వ్యాసము వ్రాసి యిచ్చెను. అది అచ్చయ్యెను. సంతోషముతో పోయి కృతజ్ఞత చెప్పగా, పత్రికకు హాస్యపు ముక్క యొకటి కావలసివచ్చినందున మాత్రమే వేసితినని ఆ ఉపాధ్యాయుడు బదులు చెప్పెను.

అసిమోవ్ ఈ మాటను జీవితాంతము మఱవలేదు. పెద్దవాడైన తరువాత గూడ దానిని తన గ్రంథములలో వ్రాసెను. ఇందు ఉపాధ్యాయులమైన మేము గ్రహింపవలసినది విద్యార్థులు గ్రహింపవలసినదానికంటె ఎక్కువ. తప్పు చెప్పుట మా విధి. కాని తప్పును చెప్పుట వేఱు, వ్రాసినవానిని తగ్గించుట వేఱు. విద్యార్థులు గ్రహింపవలసినది ఇది: అచ్చైన రచన, కొట్టివేయబడిన రచనవలె బరువైన మాటలతో వ్రాసినది కాదు; తన యింటిలో తాను చూచినదానిని తేటగా చెప్పినది.

1938 జూన్ 21

తండ్రి కుమారునకు పాత టైపు యంత్రము నొకదానిని కొనియిచ్చెను. 1937 మే నెలలో అసిమోవ్ ‘కాస్మిక్ కార్క్‌స్క్రూ’ అను కథను మొదలుపెట్టి, కొంత వ్రాసి, సొరుగులో పెట్టి మఱచెను. మఱుసటి యేట తా నభిమానించు ‘అస్టౌండింగ్’ పత్రిక సకాలమునకు అంగడికి రాలేదు. పత్రిక ఆగిపోయెనేమో యని దిగులుపడి, విచారించుటకు ఆతడు స్వయముగ ఆ కార్యాలయమునకు పోయెను. వెలువడు తేదీ మాఱినదని మాత్రమే వారు చెప్పిరి. పత్రిక యొకనాడు నిజముగా ఆగిపోవచ్చునను భయమే సొరుగులోని కథను బయటికి తీయించెను. 1938 జూన్ 19న కథ పూర్తి యయ్యెను.

దానిని ఎట్లు పంపవలెను? తపాలాకు పండ్రెండు సెంట్లు. భూగర్భపు రైలులో పోయి వచ్చుటకు పది సెంట్లు. తండ్రి నడిగిన, తానే పోయి సంపాదకుని చేతి కీయుమని సలహా చెప్పెను. కథల పత్రికలను పిల్లవానిచేత తాకనీయని తండ్రియే ఈ మాట చెప్పెనని గమనింపుడు. జూన్ 21న పదునెనిమిదేండ్ల అసిమోవ్ కథను చేతబట్టుకొని పోయెను. లోనికి రానీయరని తలచెను. కాని సంపాదకుడు జాన్ క్యాంబెల్ లోనికి పిలిపించి, ఒక గంటకు పైగా మాటలాడెను. అప్పటికి క్యాంబెల్ వయస్సు ఇరువది యెనిమిదేండ్లు మాత్రమే. కథను ఆ రాత్రియే చదివెదనని మాట యిచ్చెను.

రెండుదినములకు కథ తిరిగివచ్చెను. దానితో రెండు పుటల ఉత్తరము కూడ వచ్చెను.

ఉత్తరమును చదువు విధము

ఆ ఉత్తరమున క్యాంబెల్ చూపిన లోపములు నాలుగైదు కలవు. కథ యారంభము మందముగ నున్నది. ముగింపు తగినది కాదు. ‘నేను’ అని చెప్పు విధము ఈ కథకు కుదురలేదు. సంభాషణలు బిఱుసుగా నున్నవి. తొమ్మిదివేల మాటల నిడివి చిన్నకథకు ఎక్కువ, పెద్దకథకు తక్కువ. కనుక పత్రికలో కూర్చుటకు అనుకూలము కాదు.

విద్యార్థులారా, ఇందు ‘నీకు ప్రతిభ లేదు’ అను మాట ఎక్కడను లేదు. ప్రతి లోపమును చేతితో తాకి సవరింపదగినదే. తిరస్కారములన్నియు ఒక జాతివి కావు. అచ్చువేసిన చీటి వచ్చిన, అది ద్వారము మూసినట్లు మాత్రమే. కారణములు వ్రాసిన ఉత్తరము వచ్చిన, అది పాఠము. అసిమోవ్ దానిని పాఠముగానే తీసికొని, వెంటనే రెండవ కథ వ్రాసెను. జూలై నెలలో అదియు తిరిగివచ్చెను. ఈ మాఱు క్యాంబెల్ ఇందు ఫలానా తప్పని వేలు పెట్టి చూపలేదు. క్రొత్తవాని చేతి బిగువు కథయంతట కనబడుచున్నదనియు, అది అభ్యాసముచే పోవుననియు, ఒక సంవత్సరము పనిచేసి పండ్రెండు కథలు వ్రాసిన పిమ్మట అమ్ముడుపోవచ్చుననియు ధైర్యము చెప్పెను.

ఈ లెక్క మిక్కిలి విలువైనది. ‘ప్రయత్నింపుము’ అను మాట గాలిలో తేలిపోవును. ‘పండ్రెండు కథలు’ అను మాట చేతికి అందును. అసిమోవ్ దాదాపు నెలకొక మాఱు ఆ కార్యాలయమునకు పోవుచు, తెచ్చిన కథనిచ్చి, తిరిగివచ్చిన కథను తెచ్చుకొనుచుండెను.

క్యాంబెల్ గొప్ప సంపాదకుడైనను, ఆయన అభిప్రాయములన్నియు అనుసరింపదగినవి కావు. జాతిభేదమును గూర్చి ఆయన ప్రకటించిన భావములు అనేకులను నొప్పించినవి. ఆ కారణముననే, క్రొత్త రచయితల కిచ్చు పురస్కారమునకు ఉన్న ఆయన పేరును 2019లో తొలగించిరి. ఒకనివద్ద విద్య నేర్చుకొనవచ్చును. అతని తలంపులన్నియు నెత్తికెత్తుకొన నక్కఱలేదు.

అరువదినాలుగు డాలర్లు

మూడవ కథ పేరు ‘మరూన్డ్ ఆఫ్ వెస్టా’. గ్రహశకలమైన వెస్టా దాపున నొక అంతరిక్షనౌక పగిలిపోవును. మిగిలిన ముక్కలో మువ్వురు చిక్కుకొందురు. వారికి గాలి మూడు దినములకు, ఆహారము వారమునకు, నీరు మాత్రము సంవత్సరమునకు సరిపడ నున్నది. దాహము తీర్చుటకు దప్ప నీరెందులకు? నీటితొట్టికి రంధ్రము చేసిన, నీరొక దిక్కునకు చిమ్మును, నౌక యెదురు దిక్కునకు కదలును. చర్యకు ప్రతిచర్య సమానమను న్యూటను సూత్రమే ఆ మువ్వురను రక్షించును. తరగతిలో మనమందఱము వల్లించు సూత్రమునే కథకు ప్రాణముగా చేయుట ఇందలి నేర్పు.

క్యాంబెల్ దీనిని గూడ తిప్పిపంపెను. అసిమోవ్ కథను చింపివేయలేదు. మఱియొక పత్రికకు, ‘అమేజింగ్ స్టోరీస్’కు, పంపెను. 1938 అక్టోబరు 21న అంగీకారము వచ్చెను. క్యాంబెల్ గది గడప తొక్కిన దినమునకు సరిగా నాలుగు నెలలు! మాటకొక సెంటు చొప్పున 6,400 మాటలకు 64 డాలర్లు లభించినవి. కథ 1939 మార్చి సంచికలో వెలువడెను. ఒక సంపాదకునకు వలదన్నది మఱియొకనికి కావలసినదయ్యెను. అంతేకాదు, రెండవ కథ గూడ మఱియొక పేరుతో 1940లో వేఱొక పత్రికలో అచ్చయ్యెను. మొదటి కథ మాత్రము ఎన్నడును అచ్చుకాక, వ్రాతప్రతియే పోయెను.

క్యాంబెల్ కొనిన మొదటి అసిమోవ్ కథ ‘ట్రెండ్స్’. ఇది 1939 జూలై సంచికలో వచ్చెను. చంద్రుని చేరుటకు మనుష్యులే అడ్డుపడుట దీని విషయము. ఈ తలంపు ఎక్కడనుండి వచ్చెను? విశ్వవిద్యాలయమున చదువు ఖర్చులకై ఆతడొక ఆచార్యునివద్ద టైపు పని చేసెడివాడు. క్రొత్త యంత్రములను జనులు ప్రతికాలమునందును ఎట్లు ఎదిరించిరో ఆ ఆచార్యుడు వ్రాయుచుండెను. కూలికి చేసిన పనిలో కథ దొరకెను. చదువు మానివేసి రచయిత కావలెనని అసిమోవ్ తలంపలేదు. కొలంబియా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము చదివి 1948లో డాక్టరు పట్టము పొందెను. పూర్తికాలపు రచయిత యగుట 1958లో, అనగా మొదటి కథ అమ్మిన ఇరువదేండ్లకు.

పేరు వచ్చిన పిమ్మట గూడ తిరస్కారములు ఆగలేదు. 1947లో నొక పత్రికవారు కోరగా పెద్దకథ నొకదానిని వ్రాసెను, కోరినవారే వలదనిరి. క్యాంబెలును వలదనెను. అది రెండేండ్లు మూలబడియుండెను. పిదప డబుల్‌డే యను ప్రచురణసంస్థవారు విజ్ఞాన కల్పనలకై వెదకుచున్నారని తెలిసి, నొక స్నేహితుడు దానిని పంపుమని బలవంతపెట్టెను. వారు నలువది వేల మాటల కథను డెబ్బదివేల మాటలకు పెంచుమనిరి. పెంచెను. 1950 జనవరిలో ‘పెబుల్ ఇన్ ది స్కై’ యను పేర అది ఆయన మొదటి పుస్తకముగ వెలువడెను. 1992లో మరణించునాటికి ఆయన వ్రాసినవి, కూర్చినవి కలిసి సుమారు ఐదువందల గ్రంథములు.

ఏ భాషలో వ్రాయవలెను?

ఇక్కడ తెలివిగల విద్యార్థి యొక ప్రశ్న వేయును. తల్లిదండ్రులును వేయుదురు. ‘అసిమోవ్ ఇంటి భాష విడిచి, దేశభాషలో వ్రాసి పైకివచ్చెను గదా! మఱి తెలుగు మాధ్యమమున చదువు మా పిల్లలకు దీనివలన తేలినదేమి?’ ఈ ప్రశ్నను మేము దాటవేయము. అసిమోవ్ ఆంగ్లమున వ్రాయుట తప్పు కాదు. అతడు చదివిన కథలన్నియు ఆ భాషలోనివే, అతని సంపాదకులు ఆ భాషవారే.

కాని అదే నగరమున, అదే యిద్దిష్ భాష మాటలాడు మఱియొక రచయిత యుండెను. ఐజాక్ బషెవిస్ సింగర్ 1935లో పోలెండునుండి న్యూయార్కునకు వచ్చెను. ఆయన యిద్దిష్ భాషలోనే వ్రాసి, ‘ఫోర్వెర్ట్స్’ అను యిద్దిష్ వార్తాపత్రికలో ప్రచురించెను. 1953లో ఆయన కథ యొకటి ఆంగ్లమునకు అనువాదమై వెలువడగా ఇతర భాషలవారు ఆయన నెఱిగిరి. 1978లో నోబెల్ బహుమానము లభించెను.

ఒక ఇంటి భాషనుండి రెండు త్రోవలు వచ్చినవి. రెండును గమ్యమునకు చేరినవి. అయితే సింగరు త్రోవ నిలుచుటకు ఒక ఆధారము కావలసివచ్చెను: ఆ భాషలో నొక పత్రిక, దానికొక సంపాదకుడు, ప్రతిదినము దానిని కొని చదువు పాఠకులు. ఆ పత్రిక యిద్దిష్ ముద్రణ 2019లో నిలిచి, ఇప్పుడు కంప్యూటరు తెరపై మాత్రమే నడచుచున్నది. పాఠకులు తగ్గిన, ఎంతటి పత్రికయు ఒరగును. మనకు దగ్గఱి ఉదాహరణ ‘చందమామ’. 1947లో చెన్నపట్టణమున ఆరంభమై, తరతరముల పిల్లలకు తెలుగు కథ చదువుట నేర్పి, తుదకు అదియు ఆగిపోయినది.

మన పిల్లలు వీధిలో తమిళము, బడిలో తెలుగు, పైచదువులకు ఆంగ్లము వాడుదురు. రేపు వారు ఏ భాషలో వ్రాయుదురో మేము శాసింపము. కాని తెలుగున వ్రాయుట చేతకాక మానుట వేఱు. చేతనయ్యును మఱియొక భాష నెన్నుకొనుట వేఱు. మొదటిది నష్టము, రెండవది స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ పిల్లలకు మిగులవలెనన్న, వారు తెలుగున వ్రాసినదానిని చదువువారు ఇప్పుడే యుండవలెను. ఈ పాఠశాల పత్రిక చిన్నది. కాని అసిమోవ్ మొదటి అచ్చుముక్క గూడ పాఠశాల పత్రికలోనిదే.

విద్యార్థులకు సూచనలు

వ్రాసిన కథను వారము ప్రక్కనబెట్టి, తరువాత బిగ్గరగా చదువుడు. ఎక్కడ ఊపిరి తడబడునో అక్కడ వాక్యము చెడినదని తెలిసికొనుడు. కాగితమునకు ఒక ప్రక్కనే, అంచులు విడిచి, తేటగా వ్రాయుడు లేక టైపు చేయుడు. పేరు, తరగతి మొదటి పుటలో నుండవలెను. ప్రతి నొకదానిని తప్పక మీవద్ద నుంచుకొనుడు. ఎప్పుడు, ఎవరికి, ఏ కథ పంపితిరో యొక పుస్తకములో గుర్తువేయుడు. బదులు వచ్చువఱకు ఎదురుచూచుచు కూర్చుండక, రెండవ కథ మొదలుపెట్టుడు. కథ తిరిగివచ్చిన, కారణములున్న వానిని విడివిడిగా వ్రాసికొని, సవరింపదగినది సవరించి, మఱియొకచోటికి పంపుడు.

తల్లిదండ్రులకు మనవి

పిల్లవాడు కథలపుస్తకము చదువుచున్నప్పుడు, పాఠములు చెడునని లాగికొనకుడు. అది ఏమి పుస్తకమో అడుగుడు. అసిమోవ్ తండ్రికి ఆంగ్లము సరిగా రాదు. కుమారుని కథల గుణదోషములను ఆయన చెప్పలేడు. అయినను అడ్డుచెప్పిన పత్రికను అనుమతించెను, టైపు యంత్రమును కొనియిచ్చెను, సంపాదకుని వద్దకు పొమ్మని త్రోవ చూపెను. భాష తెలియని తల్లిదండ్రులు గూడ చేయగల సహాయములు ఇవియే. తెలుగు తెలిసిన మీరు ఇంకొకటి యధికముగా చేయగలరు: పిల్లలు వ్రాసినదానిని రాత్రి భోజనమైన తరువాత వారిచేతనే చదివించి వినవచ్చును.

అభ్యాసము

1. అసిమోవ్ పదునొకండవ యేట మొదలుపెట్టిన నవల ఏల ఆగిపోయెను?
2. క్యాంబెల్ మొదటి ఉత్తరమున చూపిన లోపములను వరుసగా వ్రాయుడు. మీ కథ నొకదానిని తీసికొని, వానిలో ఏవి యందు గలవో పరీక్షింపుడు.
3. న్యూటను సూత్రము కథగా మాఱినట్లే, మీ విజ్ఞానశాస్త్ర పాఠమునుండి యొక సూత్రమును తీసికొని, రెండు పుటల కథను అల్లుడు.
4. అసిమోవ్, సింగర్ల త్రోవలలో మీకు నచ్చినదేది? కారణములు చెప్పుడు. ఈ ప్రశ్నకు ఒకే సమాధానము లేదు.

మూడవ ప్రశ్నకు వ్రాసిన కథలను వచ్చు సంచికకై మా కిండు. చదివి, వేయదగినవానిని వేయుదుము. వేయని ప్రతి కథకును కారణములు వ్రాసి తిరిగి యిత్తుము.